పెద్దదైన వీధికుక్కను ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా?

బదిలీ మీద వెళ్తున్నాం, వీధిలో అందరికీ మచ్చికైన కుక్కను ఎవరికైనా అప్పజెప్పాలి, అంత పెద్ద కుక్కను ఎవరైనా తీసుకుంటారా అని అడిగారు. తీసుకుంటారు. కానీ ‘మాకు కుక్కలంటే ప్రాణం’ అన్నవాళ్లకు మాత్రం ఇవ్వకండి. పొద్దంతా మనిషి ఉండే ఇల్లు చూడండి. నా లెక్కలో అంతకు మించిన అర్హత ఇంకోటి లేదు.

మాది అనంతపురం. సప్తగిరి సర్కిల్ దగ్గర సందులో టీ బంకు ఉండేది. చుక్కి అక్కడే పెరిగింది. ఎర్ర కుక్క, నుదుట తెల్ల మచ్చ. పిల్లలు బిస్కెట్ చూపిస్తే పళ్లు తగలకుండా పెదవులతో అందుకునేది. బంకు ఎత్తేసి దాని యజమాని వాళ్ల ఊరికి పోయాడు, కుక్క మిగిలింది.

వాట్సాప్‌లో ఫొటో పెడితే లవ్ సింబల్స్ బోలెడు వచ్చాయి. ఫోన్ చేసినవాళ్లది మాత్రం ఒకటే మాట: మగదా, ఆడదా? ఆడది అనగానే పెట్టేస్తారు. ఆపరేషన్ అయింది, గుర్తుగా చెవి కొస కత్తిరించారు, ఇక పిల్లలు పెట్టదు అన్నా వినరు. ఇదే ఊళ్లో వేలకు వేలు పోసి హస్కీలను కొంటున్నారు. మంచులో బండ్లు లాగే జాతి అది. మే నెల అనంతపురం ఎండలో దాన్ని మేడ మీద కట్టేస్తే ఒళ్లు మండిపోతుంది నాకు.

చివరికి ఒక కుటుంబం చుక్కిని తీసుకుపోయింది. ఇద్దరూ ఉద్యోగస్తులు, మంచివాళ్లే. పొద్దున బాల్కనీలో కట్టేసి పోతే చీకటి పడ్డాకే వస్తారు. నలుగురి మధ్య పెరిగిన కుక్క ఒంటరిగా ఎట్లా ఉంటుంది? అరిచి అరిచి గొంతు పోయింది. పక్క ఫ్లాటువాళ్లు గొడవ చేస్తే తెచ్చి అప్పజెప్పారు.

అప్పుడు మా వీధిలో ఉగ్గాని, బజ్జీ అమ్మే అవ్వను అడిగాను. “నాకే దిక్కు లేదంటే దీన్ని యాడ మేపేదప్పా?” అంది. కొన్నాళ్లు చూడవ్వా అని బతిమాలాను.

వీధికుక్క గడప తొక్కదు. తొక్కినప్పుడల్లా దెబ్బలు తిని ఉంటుంది కదా. అవ్వ సంగటి మజ్జిగలో పిసికి, సత్తుగిన్నెలో వేసి గడప లోపల పెట్టింది. చుక్కి ముందు కాళ్లు లోపల, వెనక కాళ్లు వసారాలో పెట్టి, మెడ సాచి, తినకుండా మూలకున్న చీపురునే చూస్తోంది. అవ్వకు అర్థమైంది. లేచిపోయి చీపురును దొడ్లో పడేసొచ్చింది. “తిను మే, ఎవరూ కొట్టరులే” అంది. ఆ తర్వాత గిన్నెను రోజుకింత లోపలికి జరుపుతూ పోయింది. ఇప్పుడు అవ్వ బజ్జీలు వేస్తుంటే పొయ్యికి ఎడంగా పడుకుని, వచ్చేపోయేవాళ్లను చూస్తుంటుంది. ఉగ్గాని మాత్రం పెట్టొద్దని చెప్పాను. అందులో ఉల్లిపాయ ఉంటుంది, కుక్కలకు అది విషం. బిర్యానీలో ఉడికిన కోడి ఎముకలు కూడా వేయకండి, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఊరి బయట వదిలేసి పొమ్మని మీకు సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. వినకండి. కొత్తచోట అక్కడి కుక్కలు బతకనివ్వవు. మున్సిపాలిటీ వాళ్లయినా సరే, ఆపరేషన్ చేశాక పట్టుకొచ్చిన చోటే వదలాలని వీధికుక్కల సంతాన నియంత్రణ మీద కేంద్రం తెచ్చిన 2023 నిబంధనలు చెబుతున్నాయి.

ఇచ్చేముందు పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించి, గోమార్లకు మందు రాయించండి. టీకా మళ్లీ ఎప్పుడో అక్కడే కాగితం మీద రాయించుకుని కొత్త ఇంటివాళ్లకు ఇవ్వండి. ఏటా జూలై 6న జునోసిస్ డే అని, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినమని, పశువుల ఆస్పత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించింది ఆ రోజే.

మీ వీధిలో కుట్టుమిషన్ పెట్టుకున్నవాళ్లో, చిల్లరకొట్టువాళ్లో, రిటైరైన పెద్దాయనో ఉండే ఉంటారు. వెళ్లి అడగండి. ఒప్పుకుంటే, సామాను సర్దుకునే రోజు దాకా ఆగకుండా, కుక్కకు మీరు పెట్టే అన్నం రేపటి నుంచే వాళ్ల ఇంటి ముందు పెట్టండి, అదే గిన్నెలో.