ఊళ్లో ఐఐఎం సీటా, బ్రిటన్‌లో ఏడాది ఎంబీఏనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈలో బీటెక్ చేసి మధురవాడలో ఒక ఐటీ కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తోంది. చేతికి 45 వేలు వస్తుంది. క్యాట్ రాసి విశాఖ ఐఐఎంలో సీటు తెచ్చుకుంది. ఇంతలో బ్రిటన్‌లోని ఒక యూనివర్సిటీ నుంచి ఏడాది ఎంబీఏకి ఆఫర్ లెటర్ వచ్చింది. కోర్సు 2026 సెప్టెంబరులో మొదలవుతుంది. ఇక్కడ రెండేళ్లకీ అన్నీ కలిపి 20 లక్షలు, అక్కడ 45 లక్షలు అవుతుందని మా లెక్క. నేను నేవల్ డాక్‌యార్డ్‌లో చేస్తున్నాను, ఇంకా మూడేళ్ల సర్వీసుంది. వేపగుంటలో ఇల్లుంది, అది తాకట్టు పెట్టి లోన్ తీసుకుందామని ఆలోచన. నెలాఖరులోగా డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందని ద్వారకానగర్‌లోని కన్సల్టెన్సీ వాళ్లు తొందరపెడుతున్నారు. ఉన్న ఊళ్లో చదివితే ఏం లాభం, ఫారిన్ పంపించమని చుట్టాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, వేపగుంట

జవాబు: డిపాజిట్ ఇప్పుడే కట్టకండి. మొదట మీ ఇంటి కాగితాలు తీసి చూడండి.

మీరు వేపగుంట అన్నారు కాబట్టి ముందు ఈ మాటే చెప్పాల్సి వస్తోంది. సింహాచలం దేవస్థానానికీ, చుట్టుపక్కల ఐదు ఊళ్ల వాళ్లకూ మధ్య నడుస్తున్న పంచగ్రామాల భూముల వివాదం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వేపగుంట, అడవివరం, వెంకటాపురం, చీమలాపల్లి, పురుషోత్తపురంలలో ఎన్నో ఇళ్లకు ఇంటి పన్ను రసీదుంది, కరెంటు మీటరుంది, తిరుగులేని హక్కు పత్రం మాత్రం లేదు. మీ ఇల్లు ఆ సర్వే నంబర్లలో ఉందా, బయట ఉందా అన్నదే ఇప్పుడు ప్రశ్న. బ్యాంకు వాళ్ల ప్యానెల్ లాయరు పాతికేళ్లు, ముప్పయ్యేళ్ల వెనక్కి ఈసీ (ఆస్తిమీద జరిగిన లావాదేవీలు, తాకట్ల ధ్రువపత్రం) తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లన్నీ అడుగుతాడు, సర్వే నంబరు 22-ఏ అనే రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందేమో చూస్తాడు. అందులో ఉంటే తాకట్టు రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతుంది. విదేశీ చదువు లోన్లు ఎక్కువగా ఆగేది ఈ లీగల్ ఒపీనియన్ దగ్గరే. అప్పటికే డిపాజిట్ కట్టేసి ఉంటే ఆ డబ్బు వెనక్కి రాబట్టడం కష్టం. వీసా తిరస్కరిస్తే తిరిగిచ్చే యూనివర్సిటీలున్నాయి, లోన్ రాలేదంటే ఇచ్చేవి తక్కువ. ఆఫర్ లెటర్‌తో పాటు పంపిన రీఫండ్ నిబంధనలు ఒకసారి మీరే చదవండి, కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది విని ఊరుకోవద్దు.

సరైన వరుస ఇది: లోన్ మంజూరు, తర్వాత డిపాజిట్, తర్వాత వీసా దరఖాస్తుకి యూనివర్సిటీ ఇచ్చే క్యాస్ (సీటు ధ్రువీకరణ) నంబరు, ఆ తర్వాత వీసా. తొందరపెట్టేవాళ్లు దీన్ని తిరగేసి డిపాజిట్ ముందు కట్టిస్తారు. వాళ్లు మీ దగ్గర ఫీజు తీసుకోకపోవచ్చు. అలా తీసుకోకపోతే, పిల్ల చేరాక యూనివర్సిటీయే వాళ్లకు కమీషన్ ఇస్తుందన్నమాట. కమీషన్ ఇవ్వని మంచి స్కూళ్ల పేర్లు వాళ్ల జాబితాలో కనిపించవు.

ఇక అసలు సంగతి. రెండు కాలేజీల పేర్లు పక్కపక్కన పెట్టి ఏది గొప్పదని చూస్తే తేలదు. అమ్మాయి మొదటి ఉద్యోగం ఏ దేశంలో చేస్తుంది, ఆ జీతం ఆ అప్పును మోస్తుందా అన్నది చూడండి.

45 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి తెచ్చి పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 60,700 కట్టాలి. చదువుకునే ఏడాదీ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ కిస్తీ కట్టక్కర్లేదంటారు కానీ వడ్డీ ఆగదు. మొత్తం సొమ్ము విడుదలయ్యాక నెలకి 39,375 వడ్డీ పడుతూనే ఉంటుంది, కట్టకపోతే అది అసల్లో కలుస్తుంది. అదే 20 లక్షలు తొమ్మిది శాతానికి పదేళ్లకైతే నెలకి 25,300 చిల్లర.

అమ్మాయికి బ్రిటన్‌లోనే ఉద్యోగం దొరికిందనుకుందాం. అక్కడ స్కిల్డ్ వర్కర్ వీసాకి కొత్తగా చేరేవాళ్లకు కనీస జీతం 2025 జూలై నుంచి ఏడాదికి 33,400 పౌండ్లు, మిగతావాళ్లకు 41,700. 33,400లో పన్నూ, నేషనల్ ఇన్సూరెన్సూ పోగా నెలకి 2,300 పౌండ్లకు కాస్త తక్కువగా చేతికొస్తుంది. పౌండు 120 రూపాయల లెక్కన మీ కిస్తీ 506 పౌండ్లు. అద్దె కట్టుకుని, పొదుపుగా ఉంటే తీర్చగలదు. కాబట్టి విదేశీ చదువు దండగ అని నేననడం లేదు.

ఉద్యోగం దొరక్క వెనక్కి వస్తే? ఇక్కడ ఆమెకు వచ్చేది పాత జీతం, లేదా దానిమీద మరికాస్త. 45 వేల జీతానికి 60 వేల కిస్తీ. అప్పుడు కట్టాల్సింది మీ పెన్షన్‌లోంచి.

ఆ రెండింట్లో ఏది జరిగే అవకాశం ఎక్కువన్నది చాలావరకు క్యాలెండరే తేలుస్తుంది. ఇది మన తల్లిదండ్రులకు ఎవరూ విడమర్చి చెప్పరు. బ్రిటన్‌లో పెద్ద కంపెనీలు తమ గ్రాడ్యుయేట్ స్కీములకు ఆగస్టు, సెప్టెంబరుల్లో దరఖాస్తులు తెరుస్తాయి, చాలావాటికి డిసెంబరులోపే మూసేస్తాయి. ఆ ఉద్యోగాలు మొదలయ్యేది ఆ మరుసటి సెప్టెంబరులో. మన పిల్లలు సెప్టెంబరు చివర విమానం దిగుతారు. ఇల్లు వెతుక్కోవడం, బ్యాంకు ఖాతా, చలికి అలవాటుపడటం, మొదటి అసైన్‌మెంట్లు. తేరుకుని సీవీ దిద్దుకునేసరికి సంక్రాంతి. ఆ పాటికి ఆ ఏటి తలుపులు మూసుకుపోతాయి. రెండేళ్ల కోర్సులో అయితే ఇంకో ఏడు చేతిలో ఉంటుంది, ఏడాది కోర్సులో ఉండదు. అక్కడి కెరీర్ ఆఫీసు సీవీ దిద్దుతుంది, మాక్ ఇంటర్వ్యూ చేస్తుంది. కంపెనీని క్యాంపస్‌కి తెచ్చి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టే పద్ధతి అక్కడ మన దగ్గరున్నంతగా లేదు. ఎవరి ఉద్యోగం వాళ్లు వెతుక్కోవాలి.

చదువయ్యాక అక్కడ ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా కుదించారు. 2027 జనవరి 1 తర్వాత దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్లు కాదు, 18 నెలలే. మీ అమ్మాయి చదువు ముగిసేది 2027 సెప్టెంబరులో కనుక ఆమెకు వర్తించేది 18 నెలలే. ఆ లోపు ఆమెను స్కిల్డ్ వర్కర్ వీసాకి స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. స్పాన్సర్ లైసెన్సున్న కంపెనీల జాబితాను బ్రిటన్ ప్రభుత్వమే తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంది. అమ్మాయిని అందులోంచి తనకు నచ్చిన ముప్పై కంపెనీలు ఏరి, వాటిలో కొత్త ఎంబీఏలను తీసుకునేవి ఎన్నో చూడమనండి. ఒక ఆదివారం పని. ఆ పని చేశాక ఆమే మీకు సగం జవాబు చెబుతుంది.

ఆఫర్ లెటర్‌లోనూ ఒకటి చూడాలి. బిజినెస్ స్కూళ్లకు ప్రపంచమంతా గౌరవించే గుర్తింపులు మూడు: ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా. మూడూ ఉన్న స్కూలును ట్రిపుల్ క్రౌన్ అంటారు. ఇందులో ఆంబా, ఎంబీఏలో చేరేవాళ్లకు కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది. మీ అమ్మాయికి రెండేళ్లే. అంటే ఆ ఎంబీఏకి ఆంబా గుర్తింపు లేకపోవచ్చు, లేదా లెటర్‌లో ఉన్నది ఎంఎస్సీ మేనేజ్‌మెంట్ కావచ్చు. ఎంఎస్సీ మేనేజ్‌మెంట్ తప్పేమీ కాదు, కాకపోతే అది అనుభవం లేనివాళ్ల కోసం పెట్టిన చదువు, దానికి ఎంబీఏ ధర పెట్టడం అనవసరం. లెటర్‌లో కోర్సు పేరు అక్షరం అక్షరం చదవండి. కండిషనల్ ఆఫరా, అన్‌కండిషనలా అన్నది కూడా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మన ఊరి సీటు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, విశాఖ ఐఐఎం విషయంలో మనవాళ్లు సరిగ్గా అదే చేస్తున్నారు. 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో, బెంగళూరు ఐఐఎం చేయిపట్టి నడిపించగా మొదలైన సంస్థ అది. ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్ ఉంది. 2017 ఐఐఎం చట్టం వచ్చాక ఐఐఎంలు ఇచ్చేది డిప్లొమా కాదు, ఎంబీఏ డిగ్రీ. దేశం నలుమూలల నుంచీ పిల్లలు క్యాట్ రాసి అక్కడికి వస్తుంటే, వేపగుంట వాళ్లకు మాత్రం అది ‘ఉన్న ఊరు’ అయింది. ఉద్యోగం ఇచ్చేవాడు మీ ఇంటి అడ్రసు చూడడు. మొదటి ఏడాది తర్వాత వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఉంటుంది, అక్కడ బాగా పనిచేస్తే అదే కంపెనీ ముందే ఉద్యోగం ఖాయం చేయడమూ ఉంది. ఐటీలోంచి వచ్చి ఫైనాన్స్‌కో, మార్కెటింగ్‌కో మారాలనుకునే మీ అమ్మాయి లాంటివాళ్లకు ఆ రెండు నెలలు చాలా విలువైనవి. ఏడాది కోర్సుల్లో చాలావాటికి ఈ వేసవే లేదు.

అలాగని గుడ్డిగా చేరమనను. ప్లేస్‌మెంట్ రిపోర్టు తెప్పించుకుని చదవండి. అందులో హైయెస్ట్ ప్యాకేజీ ఉన్న పేజీని తిప్పేయండి. మీడియన్ (జీతాలన్నీ వరసగా పెడితే సరిగ్గా మధ్యలో ఉండేది) ఎంత, బ్యాచ్‌లో ఎంతమంది, ప్లేస్‌మెంట్‌కి కూర్చున్నది ఎంతమంది, ఆడిట్ చేసింది ఎవరు, ఈ నాలుగూ చూడండి. సగటు కాదు, మీడియనే చూడాలి. ఇద్దరికి అరకోటి వస్తే సగటు ఎగిరిపోతుంది, మధ్యలో ఉన్న పిల్లకు వచ్చేది మారదు. మీడియన్‌గా కనిపించేది కూడా సీటీసీ, అంటే ఉద్యోగిమీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, అందులో వేరియబుల్ పే, పీఎఫ్, గ్రాట్యుటీ కలిసి ఉంటాయి. మాటవరసకి 15 లక్షల సీటీసీ అంటే చేతికొచ్చేది నెలకి తొంభై వేల చుట్టుపక్కల అనుకోండి. అందులోంచి 25 వేల కిస్తీ కడితే అమ్మాయికి ఇబ్బంది ఉండదు, మీ ఇంటి జోలికి ఎవరూ రారు.

లోన్ కూడా ఇక్కడ తేలిక. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, జాబితాలో ఉన్న సంస్థల్లో సీటు వస్తే తాకట్టూ, హామీదారూ లేకుండా బ్యాంకులు లోన్ ఇస్తాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పుమీద మూడు శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీ సర్వీసుకి ఆదాయం ఆ గీత దాటి ఉండొచ్చు, తాకట్టు లేకపోవడం మాత్రం మీకూ వర్తిస్తుంది. ఈ పథకం విదేశీ చదువుకి లేదు. విదేశానికైతే సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి అడుగుతుంది, పైగా ఖర్చులో 15 శాతం మీరు పెట్టుకోవాలంటుంది. 45 లక్షల్లో అది 6 లక్షల 75 వేలు.

ఇల్లు బ్యాంకుకి పనికిరాకపోతే తాకట్టు లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థల దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్తారు. వడ్డీ ఎక్కువ, చదువు నడుస్తుండగానే వడ్డీ కట్టించుకునేవీ ఉన్నాయి. ఆ సంస్థ ఆదాయపన్ను శాఖ నోటిఫై చేసినదో కాదో అడగండి. కాకపోతే చదువు అప్పు వడ్డీమీద ఆదాయపన్ను మినహాయింపు రాదు. వచ్చినా పాత పన్ను విధానంలోనే, ఎనిమిదేళ్ల వరకే.

చుట్టాలు బ్రిటన్ కాకపోతే అమెరికా అంటారేమో. అక్కడ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) గుర్తింపున్న కోర్సుకి ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, 12 నెలలు, పొడిగింపు 24 నెలలు, మొత్తం మూడేళ్లు ఉండొచ్చు. ఆ తర్వాత ఉద్యోగ వీసాకి హెచ్1బీ లాటరీ. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక కంపెనీలు మరింత ఆచితూచి తీసుకుంటున్నాయి. రెండేళ్ల అనుభవంతో ఆ లెక్కలోకి దిగమని నేను చెప్పను.

విదేశం మీద అమ్మాయికి నిజంగా మనసుంటే దానికి వేరే దారి ఉంది. ఐఐఎం చేసి, రెండు మూడేళ్లు పనిచేసి, కంపెనీ ద్వారా వెళ్లొచ్చు. లేదా రెండు సీట్లూ వదులుకుని ఇంకో రెండేళ్లు ఉద్యోగం చేసి, ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ రాసి, ట్రిపుల్ క్రౌన్ స్కూళ్లకు స్కాలర్‌షిప్ అడుగుతూ దరఖాస్తు చేయొచ్చు. ఇప్పటి జీమ్యాట్ రెండుంపావు గంటలు, 64 ప్రశ్నలు, స్కోరు 205 నుంచి 805 వరకు, ఐదేళ్లు చెల్లుతుంది. అదే స్కోరుతో హైదరాబాద్ ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)కీ ప్రయత్నించవచ్చు, వాళ్లు అడిగేది 24 నెలల అనుభవమే. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి 2,800 గంటల పని అనుభవం కావాలి, దరఖాస్తులు మామూలుగా ఆగస్టు నుంచి అక్టోబరు మొదటివారం దాకా తీసుకుంటారు. ఫీజు, ఖర్చులు వాళ్లవే, ఎంబీఏకి మాత్రం ఫీజు ఒక పరిమితి దాకానే ఇస్తారు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అప్పు లేకుండానో, తక్కువ అప్పుతోనో బ్రిటన్ చదువు చదివే దారి అది.

మీరు రాసిన అంకెల్ని బట్టి నేనైతే ఐఐఎం సీటే తీసుకోమంటాను. దాని ఫీజు మొదటి వాయిదా గడువు ముందు చూసుకోండి, బ్రిటన్ సంగతి తేలేదాకా ఆగి అది పోగొట్టుకోకండి.

సోమవారం ఆఫీసుకి పర్మిషన్ పెట్టి మీ జీతం పడే బ్యాంకుకి వెళ్లండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, అప్పు ఆమె పేరుమీదే. ఐఐఎం ఆఫర్ లెటర్, ఫీజుల పట్టిక, ఆమె పది, ఇంటర్, బీటెక్ మార్కుల జాబితాలు, క్యాట్ స్కోరు కార్డు, ఇద్దరి ఆధార్, పాన్, మీ మూడు నెలల జీతం స్లిప్పులు, ఫారం 16, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లండి. ఇంటి కాగితాలు మొదటిరోజు ఇవ్వకండి, ఐఐఎం లోన్‌కి వాటి అవసరం రాకపోవచ్చు. మేనేజరు అడిగితే పీఎం విద్యాలక్ష్మి జాబితాలో కాలేజీ పేరుందో లేదో చూసి చెప్పమనండి.