మళ్ళీ చూసేటప్పుడు వినేవాళ్ళ ముఖాలు చూడు

చిరంజీవి సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

నాకు బాగా ఇష్టమైన సినిమాల పేర్లు రాసి పంపమన్నావు. దాంతోపాటు, ఒకసారి చూసేశాక కథ తెలిసిపోతుంది కదా, మళ్ళీ ఎందుకు చూడటం అని కూడా అడిగావు. పేర్లు రాయడం తేలికే. నాకు ఆ రెండో ప్రశ్నకే జవాబు చెప్పాలని ఉంది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే ఉద్యోగం మూలాన ఒకే బొమ్మను మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో అంటూ వారాల తరబడి చూసినవాణ్ణి నేను. కొన్ని సినిమాలు మూడో రోజుకే విసుగు పుట్టించేవి. కొన్నిటిని హాల్లోంచి ఎత్తేసే రోజున బాధనిపించేది. ఆ తేడా ఎక్కడుందో ఆలోచించి ఆలోచించి తెలుసుకున్నాను.

మా క్యాబిన్ నువ్వు ఎప్పుడూ చూడలేదు. రెండు ప్రొజెక్టర్లు, మధ్యలో మనిషి నిలబడటానికి కాస్త చోటు, తెర కనబడటానికి గోడలో చిన్న అద్దపు కిటికీ. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు తిరుగుతుంది. అది అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పై మూల ఒక చుక్క మెరుస్తుంది. అప్పుడు రెండో మెషిన్ మోటారు వెయ్యాలి. కొద్ది సెకన్లకే ఇంకో చుక్క పడుతుంది, వెంటనే ఇటు ఆపి అటు మార్చాలి. (యూట్యూబ్‌లో పెట్టిన కొన్ని పాత సినిమాల్లో ఆ చుక్కలు ఇప్పటికీ కనబడతాయి, గమనించు.) మెషిన్ల హోరులో మాటలు సగం వినబడేవి కావు. అందుకని మాట్లాడేవాళ్ళను వదిలేసి, పక్కన నిలబడి వింటున్నవాళ్ళ ముఖాలు చూడటం నాకు అలవాటైంది. నా సలహా అంతా ఈ అలవాటులోనే ఉంది. మొదటిసారి కథ కోసం చూడు. మళ్ళీ చూసేటప్పుడు ఆ సీన్‌లో మాట లేనివాళ్ళ మీద కన్నేసి ఉంచు. వాళ్ళ ముఖాల్లో కూడా కథ నడుస్తుంటే ఆ సినిమా ఎన్నిసార్లయినా చూడొచ్చు. వాళ్ళు తమ వంతు మాట ఎప్పుడొస్తుందా అని ఊరికే నిలబడి ఉంటే, ఆ సినిమా ఒకసారికి చాలు.

ముందు మిస్సమ్మ చూడు. 1955 సంక్రాంతికి వచ్చింది, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం. మొగుడూపెళ్ళాలైతేనే పంతుళ్ళ ఉద్యోగాలు ఇస్తామని ప్రకటన వస్తే, ఏ సంబంధమూ లేని రావు, మేరీ భార్యాభర్తలమని చెప్పి ఆ ఊరు వెళ్తారు. మొదటిసారి చూసినప్పుడు, వీళ్ళ గుట్టు ఎప్పుడు బయటపడుతుందా అన్న టెన్షన్‌తోనే సరిపోతుంది. మేరీయే జమీందారు గారికి చిన్నప్పుడు తప్పిపోయిన కూతురని చివరికి తెలుస్తుంది. అది తెలిశాక మళ్ళీ మొదటి నుంచీ చూడు. జమీందారు దంపతులుగా ఎస్.వి. రంగారావు గారూ ఋష్యేంద్రమణి గారూ ఆ పిల్లను చూసిన ప్రతి చూపూ మారిపోతుంది. ఇంటికి వచ్చిన పంతులమ్మ మీద ఇంత ఆపేక్ష ఎందుకని మొదటిసారి నవ్వుకున్న చోటే, రెండోసారి గొంతు పట్టేస్తుంది. వాళ్ళకు తెలియని సంగతి మనకు తెలుసు మరి. మేరీ ఏమో వాళ్ళ ఆచారాలన్నిటికీ విసుక్కుంటూ ఉంటుంది. జమీందారు గారి రెండో కూతురు సీతకు రావు సంగీతం నేర్పుతున్న సీన్లలో పాడుతున్న వాళ్ళను కాదు, అవతల మేరీగా ఉన్న సావిత్రిని చూడు. కోపమని పైకి చెప్పదు, అసూయ అని తనకే తెలియదు, అదంతా ఆ కళ్ళలో కనబడుతుంది. ఆ వేషం ముందు భానుమతి గారు వెయ్యాల్సింది, తర్వాత సావిత్రికి వచ్చింది. ఇప్పుడు ఇంకొకరిని అక్కడ ఊహించుకోవడం నా వల్ల కాదు.

మాయాబజార్ గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. 1957లో కె.వి. రెడ్డి గారు తీశారు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చిన దగ్గర్నుంచి సావిత్రి ఆడే ఆట తెలుసు కదా. తను శశిరేఖలా కనబడాలి, లోపల మాత్రం రంగారావు గారి ఘటోత్కచుడు ఉండాలి. ఒకసారి ఆమె భుజాలు మాత్రమే చూడు. అసలు శశిరేఖ భుజాలు మెత్తగా వాలి ఉంటాయి. మాయా శశిరేఖ ఎవరూ చూడనప్పుడు వాటిని విరుచుకుంటుంది, ఎవరో వస్తున్నారనగానే మళ్ళీ దించేస్తుంది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గారి గొంతు మధ్యలోంచి ఘంటసాల గారి గొంతు దూసుకొస్తుంది చూడు, ఆ క్షణాన సావిత్రి నడక కూడా మారుతుంది. ఒక ఆడపిల్ల చేత మగ రాక్షసుడి నడక నడిపించి, ఎక్కడా వెకిలిగా లేకుండా చూపించడం ఇప్పటికీ ఎంత కష్టమో సినిమాలు తీసేవాళ్ళకు తెలుసు.

ఇంకొకసారి కృష్ణుణ్ణి మాత్రమే చూడు. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ఎక్కువ ఇష్టమో అదే కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. కృష్ణుడు తెరిస్తే శకుని కనబడతాడు! చిన్నప్పుడు నువ్వు మా ఇంట్లో అది చూసి పకపకా నవ్వావు. ఇప్పుడు నవ్వాక ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. జరగబోయే యుద్ధానికి ఆ శకునే దారి వేస్తున్నాడని అక్కడున్న వాళ్ళందరిలో తెలిసినవాడు కృష్ణుడొక్కడే. రామారావు గారు సినిమా పొడుగునా ఆ తెలిసినతనాన్ని నవ్వులోనే దాచారు. ఇది పాండవుల కుటుంబం కథే అయినా, ఐదుగురిలో ఒక్కరూ తెర మీదకు రారు. మొదటిసారి చూసేవాళ్ళలో చాలామంది ఆ సంగతే గమనించరు. నేనైతే కొన్ని రోజులు ఆడించాకే గమనించాను.

2010లో దీనికి రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. పిల్లలకు చూపించాలంటే అది మంచిదే. నువ్వు మాత్రం నలుపు తెలుపులోనే చూడు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ గారు వెలుగునూ నీడనూ నలుపు తెలుపు ఫిల్ము కోసమే అమర్చారు. ‘లాహిరి లాహిరి’ పాటలో నీళ్ళ మీద వెన్నెల ఎంత చల్లగా ఉంటుందో అలా చూస్తేనే తెలుస్తుంది. ఆ పాటలో రుక్మిణిగా కృష్ణుడి పక్కన కూర్చున్నావిడ సంధ్య గారు, జయలలిత గారి తల్లి.

ఇక్కడ ఒక పనికొచ్చే మాట. ఆ కాలం సినిమాల బొమ్మ దాదాపు చతురస్రంగా ఉంటుంది. ఇప్పటి టీవీలు వెడల్పు ఎక్కువ. చాలా ఇళ్ళలో టీవీ నిండా కనబడాలని ఆ బొమ్మను సాగదీసి చూస్తారు, అందరూ లావుగా పొట్టిగా కనబడతారు. లేదా జూమ్ చేస్తారు, తలా పాదాలూ తెగిపోతాయి. ముఖాలు చూడమని నేను ఇంతగా చెబుతుంటే ఆ ముఖాలే సాగిపోతే ఎలా? సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 4:3 పెట్టుకో. రెండు పక్కలా నల్లగా ఉంటుంది, ఉండనీ. 1974లో అల్లూరి సీతారామరాజు వచ్చింది, తెలుగులో మొదటి సినిమాస్కోప్ అదే. ఆ సినిమాను దాని వెడల్పులోనే చూడాలి, అప్పుడు నల్ల పట్టీలు పైనా కిందా వస్తాయి. రెండిటినీ ఒకే సెట్టింగ్‌లో చూడకు. ఫోన్లో అసలే చూడకు తల్లీ. వెనక నిలబడి ఉన్నవాళ్ళ ముఖాలు ఫోన్లో గోరంత కూడా ఉండవు.

శంకరాభరణం 1980 ఫిబ్రవరిలో వచ్చింది. పాటలన్నీ నీకు నోటికొచ్చు కాబట్టి దాన్ని వినడం వేరే చెప్పక్కర్లేదు. మళ్ళీ చూసేటప్పుడు శంకరశాస్త్రి పాడుతుంటే తులసిని చూడు. మంజుభార్గవికి ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. వింటుంది, అంతే. పాట ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ దిగుతుందో ఆమె ముఖం చూసి చెప్పొచ్చు. కె. విశ్వనాథ్ గారు కచేరీని పాడేవాడి వైపు నుంచి ఎంత చూపించారో, వినేదాని వైపు నుంచీ అంతే చూపించారని నా నమ్మకం. శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు నిజ జీవితంలో డిప్యూటీ కలెక్టరు. ఆయన ఊరికే నిలబడినా వచ్చే ఆ నిండుదనం చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ముత్యాలముగ్గు (1975)లో రావు గోపాలరావు గారి డైలాగులు మీ నాన్నకు కంఠతా వచ్చు. అవి అంత బాగుండబట్టే, కథానాయికగా వేసిన నటి సంగీత గారి నిశ్శబ్దం జనానికి ఆనలేదు. ఈసారి ఆమెను చూడు. ఆరుబయట ఎండను కెమెరామన్ ఇషాన్ ఆర్య గారు ఎలా పట్టుకున్నారో కూడా చూడు, ఆయనకు జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

కామెడీకి కూడా ఈ సలహా పనిచేస్తుంది. జంధ్యాల గారి అహ నా పెళ్ళంట (1987)లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు గారు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీన్ అందరికీ తెలుసు. నవ్వు సగం కోట గారిదైతే, మిగతా సగం ఆయన మాటలు పడాల్సివచ్చిన బ్రహ్మానందం ముఖానిది. ఈ సినిమా పేరు మాయాబజార్ పాట నుంచి తీసుకున్నదే.

పాతవే చెబుతున్నానని అనుకోకు. 2018లో నువ్వు హాల్లోంచి బయటికొస్తూనే నాకు ఫోన్ చేసి ఏడ్చావు, కేరాఫ్ కంచరపాలెం చూసి. విశాఖలో ఆ పేటవాళ్ళనే చాలామందిని పెట్టి వెంకటేష్ మహా తీశాడు, వాళ్ళకు అంతకుముందు నటన తెలియదు. నాలుగు ప్రేమకథలూ ఒకే మనిషివని చివర్లో తెలిసింది కదా. అది తెలిసి మళ్ళీ చూడలేదంటే నువ్వు సగమే చూసినట్టు లెక్క. పెళ్ళి కాలేదని ఊరంతా రాజును అంటుంటే అతను ఎలా వింటాడో చూడు. మొదటిసారి అతను ఏమీ పట్టనివాడనిపిస్తాడు. రెండోసారి, ఆ వినడం వెనక మిగతా మూడు ప్రేమకథల్లోని సుందరం, జోసెఫ్, గడ్డం ముగ్గురూ ఉన్నారని తెలిసి చూస్తావు. ఇలా మళ్ళీ చూస్తే పెరిగే సినిమాలు ఈ మధ్య తెలుగులో తక్కువ, అందుకే అది నాకంత ఇష్టం.

ఒకటి చూడగానే వెంటనే రెండోసారి పెట్టకు. కొన్ని నెలలు పోనీ, మాటలు కాస్త మరుపున పడనీ. పాటలు దాటించకు, ఆ దర్శకులు చాలా సంగతులు పాటల్లోనే చెప్పారు. మొదట్లో ఏదైనా ఒక సీన్‌కి సౌండు తీసేసి చూడు, నా క్యాబిన్‌లో నేను చూసినట్టు ఉంటుంది.

మిస్సమ్మ ఈ శనివారమే చూసి, ఋష్యేంద్రమణి గారిని ఏ సీన్‌లో పట్టుకున్నావో నాకు ఫోన్ చేసి చెప్పు. మాయాబజార్ మాత్రం దసరాకి నువ్వు వచ్చాక ఇక్కడే చూద్దాం, టీవీ సెట్టింగ్ నేను సరిచేసి ఉంచుతాను. మీ పెద్దమ్మ నువ్వు వస్తున్నావని ఇప్పట్నుంచే అందరికీ చెబుతోంది.

ఇట్లు,
మీ పెదనాన్న