మూడో రోజుకే జ్వరం తగ్గింది, చెవిపోటు సిరప్ ఆపేయొచ్చా?

మీ బాబుకి రెండున్నరేళ్ళు, చెవి ఇన్ఫెక్షన్‌కి 7 రోజులు యాంటీబయాటిక్ రాశారు, మూడో రోజుకే ఆడుకుంటున్నాడు, ఇంక ఆపేయొచ్చా అని అడిగారు కదండీ. మీ అంతట మీరు మాత్రం ఆపకండి, నేను ఆపి అనుభవించాను కాబట్టి చెప్తున్నా.

మా పాపకి ఏడాదిన్నరప్పుడు రాత్రి రెండింటికి లేచి చెవి పట్టుకుని ఒకటే ఏడుపు, పొద్దున్నే తీసుకెళ్తే కర్ణభేరి ఎర్రగా ఉబ్బిందని అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన డ్రై సిరప్ 10 రోజులకి రాశారు. రెండ్రోజుల్లో జ్వరం పోయింది గానీ విరేచనాలు పట్టుకున్నాయి, ఎలాగూ తగ్గింది కదా అని నాలుగో రోజు నేనే ఆపేశా, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టేశా. మూడు వారాలకి మళ్ళీ అదే నొప్పి. ఆ పాత సీసానే తీసి రెండు పూటలు పట్టాను, మా అత్తయ్య వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో రెండు చుక్కలు వేశారు. మర్నాడు చూస్తే దిండు మీద చీము, కొంచెం రక్తం. నా కాళ్ళూ చేతులూ ఆడలేదు.

కర్ణభేరికి చిన్న చిల్లు పడిందమ్మా, ఎక్కువమందికి దానంతటదే మూసుకుంటుంది, కానీ నూనె, నీళ్ళు ఏవీ పోనివ్వకండి అన్నారు డాక్టర్ గారు. నీళ్ళు కలిపాక ఆ సిరప్ ఫ్రిజ్‌లో పెట్టినా 7 రోజులే, తర్వాత పారబోయాల్సిందేనట. 10 రోజుల కోర్సుకి రెండు సీసాలు ఎందుకిచ్చారో నాకప్పుడు అర్థమైంది. డోసు కూడా బరువుని బట్టి లెక్కేస్తారు, అందుకే అక్క పిల్లాడికి మిగిలింది మనవాడికి పోయడం లాంటివి అస్సలొద్దు.

విరేచనాలైతే అన్నం మొదలుపెట్టేటప్పుడే మందు పట్టించి చూడండి, ఎక్కువైతే ఫోన్ చేసి అడగండి. ఒళ్ళంతా దద్దుర్లొచ్చినా ముఖం వాచినా ఇంకో డోసు వెయ్యకుండా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తండి, చెవి వెనక వాచి చెవి ముందుకి పొడుచుకొచ్చినట్టున్నా అంతే.

అలాగని ప్రతి చెవిపోటుకీ యాంటీబయాటిక్ కావాలని నేననను, మా చెల్లి కొడుక్కి నాలుగేళ్ళు, జ్వరం లేదు, నొప్పి కొద్దిగానే ఉందని పారాసిటమాల్ ఒక్కటే ఇచ్చి రెండ్రోజులు చూద్దామన్నారు, నిజంగానే తగ్గిపోయింది. కానీ చెవి చూసి అది తేల్చాల్సింది డాక్టరే.

కోర్సయ్యాక చెవి ఇంకోసారి చూపించండి. మా పాపకి చిల్లు మూసుకున్నాక కూడా నెల పైనే పిలిస్తే వెంటనే పలికేది కాదు, చెవుడొచ్చిందేమోనని రోజూ వెనకనించి చప్పట్లు కొట్టి చూసేదాన్ని, కర్ణభేరి వెనక నీరు ఆరాక మామూలైంది.