ముందు పన్ను ఊడింది, రెండు నెలల్లో పెళ్ళి: బ్రిడ్జి కట్టించుకోవాలా, ఇంప్లాంట్ పెట్టించుకోవాలా?

మీకు 28 ఏళ్ళు, బైక్ మీంచి పడి పై వరసలో ముందు పన్ను ఒకటి పోయింది, రెండు నెలల్లో పెళ్ళి. వారంలో బ్రిడ్జి, అంటే పక్క పళ్ళు రెండూ అరగదీసి క్యాపులు తొడిగి వాటి మధ్య కట్టుడు పన్ను నిలబెట్టడం, చేసేస్తామని ఒకరన్నారు. ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో స్క్రూ దించి దాని మీద పన్ను బిగించడం, అయితే ఆరు నెలలని ఇంకొకరన్నారు. ఏది మేలని అడిగారు. బ్రిడ్జి వద్దు. పక్కనున్న రెండు పళ్ళూ బాగుంటే వాటి జోలికి ఎవరినీ రానివ్వకండి.

2013లో నాదీ ఇదే పరిస్థితి. అప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో ఉండేవాణ్ణి. వాన వెలిసిన రాత్రి, మున్నెకొళాల సందులో నీళ్ళ కింద గుంత కనపడక బండి పడింది. పన్ను వేరుతో సహా ఊడొచ్చేసింది. ఇడ్లీ బండి ఆవిడ ఫోన్ లైటు వేసి వెతికి, దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను కర్చీఫ్‌తో మట్టి పోయేదాకా తుడిచి, కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తే, "రాత్రే పాలల్లో వేసి అరగంటలో తెచ్చి ఉంటే తిరిగి కూర్చోబెట్టేవాణ్ణి" అన్నాడు. వేరు మీద సన్నటి పొర ఉంటుందట. దానిలోని కణాలు బతికుంటేనే పన్ను మళ్ళీ పట్టుకుంటుంది. నేను తుడిచి పారేసింది ఆ పొరనే. ఊడిన పన్నును వేరు దగ్గర ముట్టుకోకూడదు, పైభాగం పట్టుకుని పాలల్లో వేయాలి. ఈ రెండు మాటలు బడిలో చెప్పరు, లైసెన్సు ఇచ్చేటప్పుడూ చెప్పరు. ఇంత చిన్న సంగతి తెలియక ఎంతమంది పళ్ళు పోగొట్టుకుంటున్నారో.

పన్నెండు రోజుల్లో పెళ్ళిచూపులు. అమ్మ కనిగిరి నుంచి బస్సెక్కి వచ్చేసింది. డాక్టరు చిత్తూరాయన, తెలుగులోనే మాట్లాడాడు. బ్రిడ్జి అంటే ఏమిటో విని అమ్మ ఒక్కటే అడిగింది: "ఆ పక్కవి రెండూ గట్టిగానే ఉన్నాయి గదా డాక్టరుగారూ, వాటినెందుకు అరగదీయటం?"

"దూలం నిలవాలంటే అటొకటి ఇటొకటి స్తంభాలుండాలి కదమ్మా" అన్నాడాయన. అమ్మ ఇంక మాట్లాడలేదు. నేను కుర్చీలో వాలి నోరు తెరిచాను.

అమ్మ ఎందుకు అడిగిందో నాకు అప్పుడు తట్టలేదు. మాది ఫ్లోరైడ్ నీళ్ళ ఊరు. ఆ నీళ్ళతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, నెల్లూరు జిల్లాలో. మా కనిగిరి వైపు అప్పుడు ఆ జిల్లా కిందే ఉండేది. అమ్మ పళ్ళ నిండా గోధుమరంగు చారలు. నవ్వొస్తే ఈ రోజుకీ కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆ నీళ్ళు మచ్చ వేసేది పళ్ళు చిగుళ్ళ లోపల తయారవుతున్న వయసులోనే. అందుకే పాలు మాన్పించగానే నన్ను తెనాలిలో మేనమామ ఇంట్లో పెట్టింది. ఎనిమిదేళ్ళు కొడుకును దగ్గర లేకుండా చేసుకుంది, కేవలం నీళ్ళ కోసం. అలా దక్కిన తెల్లటి పళ్ళు రెండింటిని ముప్పావు గంటలో మేకుల్లా సన్నగా చెక్కేశారు. పంటి మీది గట్టి పొర, ఎనామిల్‌లో ప్రాణమున్న కణం ఉండదు, పోయింది మళ్ళీ పెరగదు.

2021లో ఎడమవైపు స్తంభం క్యాపు కింద పుచ్చింది. దానికి రూట్ కెనాల్ చేశారు, అయినా విరిగిపోయింది. ఒక పన్ను పోయిన చోట రెండు పళ్ళ ఖాళీ మిగిలింది. ఇన్నేళ్ళు వేరు లేక దవడ ఎముక కూడా పలచబడింది. ఎముక పొడి వేసి, ఆగి, ఇంప్లాంట్లు పెట్టేసరికి దాదాపు ఏడాది పట్టింది.

మీకు పెళ్ళి ఫొటోలే బెంగ అయితే, తీసి పెట్టుకునే పన్ను ఒకటి చేయించుకోండి, నాలుగైదు రోజుల పని. లేదంటే మేరీలాండ్ బ్రిడ్జి గురించి అడగండి. పక్క పళ్ళ వెనక రెక్కలా అంటిస్తారు, చెక్కుడు దాదాపు ఉండదు. నాకు ఈ రెండూ ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. పెళ్ళయ్యాక ఇంప్లాంట్‌కు వెళ్ళండి, ఏళ్ళు మాత్రం దాటించకండి. పన్ను పోయిన మొదటి ఏడాదిలోనే ఎముక ఎక్కువ తగ్గుతుంది. ఎముకలో మేకు దిగ్గొడతారని భయపడక్కర్లేదు. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు తొలి రోగికి టైటానియం ఇంప్లాంట్ పెట్టింది 1965లో. ఎముక ఆ టైటానియాన్ని గట్టిగా పట్టుకోవడానికే ఆ నెలలన్నీ. మీ పక్క పళ్ళకు ఇప్పటికే క్యాపులుంటే మటుకు బ్రిడ్జి కట్టించుకోవచ్చు, అప్పుడు కొత్తగా పోయేదేమీ లేదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద హోర్డింగుల్లో కనిపించే ధరను నమ్మకండి. చాలాసార్లు అది లోపలి స్క్రూ ధర, పైన క్యాపుకు వేరే కట్టాలి. మా పిన్ని కూతురికి ఒక పన్ను చివర రవ్వంత విరిగితే, నవ్వు బాగుంటుందని చెప్పి ఎనిమిది పళ్ళకు వెనీర్లు, అంటే పంటి ముందువైపు అంటించే పలచటి రేకులు, వేశారు. పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్‌తో ఒక్క పూటలో అయిపోయే పని అది. ఆ అమ్మాయి పళ్ళు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. డబ్బు కట్టే ముందు బెంగళూరు కోట ప్రాంతంలో విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఒకసారి చూపించుకోండి. పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడాలి, కానీ అక్కడ మీకు ప్యాకేజీ అమ్మేవాళ్ళుండరు.

ఇంప్లాంట్లయ్యాక ఊరెళ్తే అమ్మ నన్ను వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్ళి నోరు తెరిపించింది. కొత్త పళ్ళ వంక చూడలేదు. కుడివైపు క్యాపు మీద వేలు పెట్టి, "ఇదన్నా ఉందా నాయనా, లోపల?" అంది.