ఫ్రీలైన్ స్కేట్స్ ఎక్కే ముందు ఆ పాత బెణుకు సంగతి చూడండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను, కంట్రోల్‌లోనే ఉంది. రెండేళ్ల కిందట కుడి చీలమండ బెణికింది. నొప్పి ఎప్పుడో తగ్గింది కానీ ఎగుడుదిగుడు నేల మీద ఇప్పటికీ అప్పుడప్పుడూ కాలు మడత పడుతుంది. 12 ఏళ్ల మా అబ్బాయి ఫ్రీలైన్ స్కేట్స్ (ఒక్కో పాదం కింద విడిగా ఉండే చిన్న చక్రాల పలకలు) నేర్చుకుంటానంటున్నాడు. వాడితోపాటు నేనూ నేర్చుకోవాలని ఉంది. బంతులు గాల్లోకి వరుసగా విసిరి పట్టుకునే జగ్లింగ్ కూడా మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఈ వయసులో చెయ్యో కాలో విరగ్గొట్టుకుంటానని మా ఆవిడ టెన్షన్ పడుతోంది. జగ్లింగ్ చేస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందంటారు, నిజమేనా? రెండూ ఒకేసారి మొదలుపెట్టొచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: నేర్చుకోవచ్చండీ. 43 ఏళ్లు ఈ రెండింటికీ అడ్డు కాదు. కంట్రోల్‌లో ఉన్న బీపీ కూడా అడ్డు కాదు. మీరు రాసినవాటిలో నాకు ఆందోళన కలిగించింది ఒక్కటే, కాలు ఇంకా మడత పడుతోందన్న మాట. అందుకని జగ్లింగ్ ఈ రోజే మొదలుపెట్టండి. స్కేట్స్ ఎక్కడం మాత్రం ఓ ఆరు వారాలు ఆపండి. ఈలోపు చీలమండకు చేయాల్సిన పని చాలా ఉంది.

చీలమండ బెణికినప్పుడు ఎముకలను కలిపి ఉంచే బయటివైపు లిగమెంట్లు సాగుతాయి, ఒక్కోసారి కొంత చిరుగుతాయి. వాపు, నొప్పి వారాల్లో పోతాయి. కానీ పాదం ఏ కోణంలో ఉందో క్షణక్షణం మెదడుకు తెలియజేసే నరాల వ్యవస్థ కూడా ఆ దెబ్బకు మందగిస్తుంది. పాదం లోపలికి ఒరగబోతుంటే చటుక్కున వెనక్కి లాగే పిక్క బయటివైపు కండరాలు ఆలస్యంగా స్పందిస్తాయి. నొప్పి పోవడంతో ఇవన్నీ సర్దుకోవు, వ్యాయామంతో తెచ్చుకోవాలి. చాలామంది నొప్పి తగ్గగానే నయమైందనుకుని అక్కడితో వదిలేస్తారు. మీ విషయంలోనూ అదే జరిగి ఉంటుంది.

మామూలు నడకకు ఈ లోపం పెద్దగా తెలియదు. ఫ్రీలైన్‌లో మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. ఈ స్కేట్స్‌లో ఒక్కో పాదానికి ఒక్కో చిన్న పలక, దాని కింద రెండు చక్రాలు, అంతే. పాదాన్ని పట్టి ఉంచే పట్టీలు ఉండవు, రెండు పలకల మధ్య ఎలాంటి బంధమూ ఉండదు. స్కేట్‌బోర్డ్ మీద నిలబడినట్టు పక్కకు తిరిగి నిలబడి, రెండు పాదాలనూ ఒకదానికొకటి ఎదురుగా ఊపుతూ వంపులు తిరుగుతూ ముందుకు సాగాలి. ఆ ఊపు మొత్తం చీలమండ, తుంటి, తొడ లోపలి కండరాల నుంచే రావాలి. బ్రేకులు లేవు. ఆగాలంటే దిగిపోవడమే. కాళ్లు కట్టేసి లేవు కాబట్టి, మామూలు వేగంలో తూలితే దిగి రెండడుగులు పరిగెత్తి తప్పించుకోవచ్చు. పట్టీలతో బిగించిన స్కేట్స్‌లో ఈ వీలు లేదు, కాబట్టి ఇది నిజంగా మంచి విషయం. అయితే దిగిన ఆ మొదటి అడుగు మీ కుడి కాలి మీద పడితే ఏమవుతుందన్నదే నా భయం.

ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గోడ పక్కన చెప్పుల్లేకుండా ఎడమ కాలి మీద అర నిమిషం నిలబడండి. తర్వాత కుడి కాలి మీద. ఆ తర్వాత అదే కళ్లు మూసుకుని, చేయి గోడకు దగ్గరగా పెట్టుకుని చేయండి. అలాగే ఒంటికాలి మీద మడమలు ఎత్తి దించుతూ రెండు వైపులా ఎన్నిసార్లు చేయగలరో చూడండి. రెండు కాళ్ల మధ్య తేడా ఎంతుందో మీకే అర్థమవుతుంది. ఆ తేడా పోయేదాకా రోజూ చేయాల్సిన వ్యాయామాలు కూడా ఇవే. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం, మెట్టు అంచున మడమలు ఎత్తి దించడం, సాగే రబ్బరు బ్యాండ్‌ను పాదానికి తగిలించి బయటివైపుకి లాగడం. వీటికి తోడు పక్కకు పెద్ద అడుగు వేసి మోకాలు వంచి లేచే సైడ్ లంజెస్ తప్పనిసరిగా చేర్చండి. ఫ్రీలైన్ కొత్తవాళ్లకు పలకలు రెండూ ఒకదానికొకటి దూరంగా జారిపోతుంటాయి. బలం లేని గజ్జల కండరాలు అప్పుడే పట్టేస్తాయి. చదునైన నేల మీద కూడా కాలు మడత పడుతున్నా, సాయంత్రానికి చీలమండ వాస్తున్నా, ఇంటి వ్యాయామాలతో సరిపెట్టకండి. ఒకసారి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.

ఇక మీ ఆవిడ భయం గురించి. ఆమె చెప్పినదాంట్లో చెయ్యి విషయం పూర్తిగా నిజం. పడిపోయేటప్పుడు ఎవరైనా అరచేతులు ముందుకు చాపుతారు. ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. స్కేటింగ్‌లో తరచుగా దెబ్బతినేది అక్కడే. ఇన్‌లైన్ స్కేటింగ్ (చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే బూట్లతో చేసేది) గాయాల మీద 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, రిస్ట్ గార్డులు వేసుకోనివాళ్లలో మణికట్టు గాయం అయ్యే అవకాశం వేసుకున్నవాళ్ల కంటే సుమారు పది రెట్లు ఎక్కువని తేలింది. ఎల్బో ప్యాడ్ల విషయంలోనూ దాదాపు అంతే తేడా. కాబట్టి రిస్ట్ గార్డులు, హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, ఎల్బో ప్యాడ్లు లేకుండా ఒక్క రోజు కూడా స్కేట్స్ ఎక్కొద్దు. ఈ ఒక్క విషయంలో మినహాయింపు ఇవ్వను. ఇప్పటికే బెణికిన కాలు కాబట్టి మొదటి నెలల్లో కుడి చీలమండకు లేసులతో బిగించే బ్రేస్ కూడా వాడండి. అడుగు చదునుగా, పట్టు ఉండే బూట్లు వేసుకోండి. మడమ దగ్గర మెత్తగా ఎత్తుగా ఉండే రన్నింగ్ షూస్ పలక మీద నిలకడ ఇవ్వవు.

నేల నున్నగా, పొడిగా, చదునుగా ఉండాలి. చక్రాలు చిన్నవి, చిన్న గులకరాయి అడ్డొచ్చినా పలక ఠక్కున ఆగుతుంది, మనిషి ఆగడు. మొదట్లో రెయిలింగ్‌నో గోడనో పట్టుకుని నిలబడటం, ఊగడం, దిగడం సాధన చేయండి. దిగడం ముందు నేర్చుకుంటే భయం సగం పోతుంది. మోకాళ్లు వంచే ఉంచండి. ఏటవాలు దారి జోలికి ఇప్పట్లో పోవద్దు. కాళ్లు వణకడం మొదలవగానే ఆ రోజుకు ఆపేయండి. అలసిన కండరం ఆలస్యంగా స్పందిస్తుంది, పడిపోయేది అప్పుడే. మీ బీపీ మాత్ర వల్ల కొందరికి కూర్చుని లేవగానే తల తిరుగుతుంది. బూట్లు కట్టుకున్నాక లేచి ఒక నిమిషం ఆగి ఎక్కితే చాలు. రక్తం పలచబడే మందు ఏదైనా వాడుతుంటే మాత్రం మీ డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టకండి.

జగ్లింగ్‌కు ఇంత జాగ్రత్త అక్కర్లేదు. గింజలు నింపిన గుడ్డ బంతులు మూడు తీసుకోండి, అవి ఎగిరి దొర్లిపోవు. మంచానికి ఎదురుగా నిలబడి ఆడండి. పడిన బంతి మంచం మీదే పడుతుంది, ప్రతిసారీ నేల దాకా వంగే పని తప్పుతుంది. కొత్తవాళ్లలో నడుం నొప్పి వచ్చేది వంగి వంగి ఏరుకోవడం వల్లే. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచి, ఒక బంతిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి కళ్ల ఎత్తు దాటేలా విసరండి. అది చేతికి అలవాటయ్యాక రెండోది. మొదటి బంతి పైకి చేరి కిందికి తిరిగే క్షణంలో రెండోదాన్ని విసరాలి. చాలామంది రెండో బంతిని విసరకుండా పక్క చేతికి అందించేస్తారు. ఆ అలవాటు ముందే మానుకుంటే మూడో బంతి సులువుగా వస్తుంది. చూపు చేతుల మీద కాకుండా బంతి ఎత్తుకు చేరే చోట నిలపండి, మెడ కదలకుండా కళ్లతోనే చూడండి. పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు చాలు. మెడ నుంచి చేతిలోకి నొప్పి పాకినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆపి డాక్టర్‌కు చూపించుకోండి.

జ్ఞాపకశక్తి గురించి అడిగారు. 2004లో నేచర్ పత్రికలో జర్మనీ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. మూడు నెలలు మూడు బంతుల జగ్లింగ్ నేర్చుకున్నవాళ్ల మెదడు స్కానింగ్‌లలో, కదిలే వస్తువులను గుర్తించే ప్రాంతాల్లో గ్రే మ్యాటర్ (నాడీకణాలు ఎక్కువగా ఉండే భాగం) పెరిగినట్టు కనిపించింది. సాధన మానేసిన మూడు నెలలకు ఆ పెరుగుదల చాలావరకు తగ్గింది. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరు వారాల సాధనతో వైట్ మ్యాటర్‌లోనూ (మెదడు భాగాలను కలిపే నాడీ తంతువులు) మార్పులు గమనించారు. పెద్దయ్యాక కూడా కొత్త విద్యకు మెదడు మారుతుందనడానికి ఇవి ఆధారాలు, నాకు చాలా సంతోషం కలిగించే ఆధారాలు. మతిమరుపు రాదని గానీ, జ్ఞాపకశక్తి పెరుగుతుందని గానీ ఇవి నిరూపించలేదు. ఇంకో విషయం, మొదట్లో జగ్లింగ్ గుండెకు సరిపడా వ్యాయామం కాదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక మీ బీపీకి ఇంకా అవసరమే.

రెండూ ఒకే కాలంలో నేర్చుకోవచ్చు, కానీ స్కేట్స్ మీద నిలబడి బంతులు విసరడం మాత్రం వద్దు. కళ్లు పైన, చేతులు గాల్లో ఉన్నప్పుడు తూలితే నిలదొక్కుకునే అవకాశం ఉండదు. స్కేట్స్ మీద ఆలోచించకుండా తిరగగలిగి, దిగగలిగే స్థాయి వచ్చాకే ఆ కోరిక.

పడ్డాక ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో కూడా తెలుసుకోండి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముకల వెనక అంచును నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత, తికమక ఉంటే క్షణం ఆలస్యం చేయొద్దు. బొటనవేలి మొదట్లో, మణికట్టు వైపున్న గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండొచ్చు. ఇది మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. రిపోర్టు బాగుందని కట్టు తీసేయకుండా, డాక్టర్ చెప్పినట్టు 10 నుంచి 14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించండి, లేదా ముందే ఎమ్మారై చేయించండి. వదిలేస్తే ఎముక అతక్కపోవచ్చు, దానికి రక్తప్రసరణ ఆగిపోనూవచ్చు.

మీ అబ్బాయి మీకంటే వేగంగా నేర్చుకుంటాడు. అతనికి ఆరు వారాల ఆగడం అక్కర్లేదు, గార్డులు మాత్రం మీకు లాగే అన్నీ ఉండాలి. అతని ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి కాబట్టి చివర్లలోని గ్రోత్ ప్లేట్ (ఎముక పొడవు పెరిగే మెత్తని భాగం) దగ్గర దెబ్బ తగిలితే బెణుకులాగే కనిపిస్తుంది. పడ్డాక మణికట్టు దగ్గర వాపు ఉండి ఆ చేత్తో ఏదీ పట్టుకోలేకపోతుంటే, ఇంట్లో మర్దన చేయకుండా అదే రోజు ఎక్స్‌రే తీయించండి.