ఇంటి స్టోరేజీ సర్వర్ మందగించినప్పుడు: మేనల్లుడికి ఒక లేఖ

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తిరుపతిలో మీ ఇంట్లో పెట్టుకున్న సర్వర్‌లోకి ఒక పెళ్లి వీడియోలు ఎక్కించడానికి మునుపు అరగంట సరిపోయేదనీ, ఇప్పుడు రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి గానీ పూర్తి కావడం లేదనీ రాశావు. ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ క్యాష్ (తరచూ వాడే డేటాను దగ్గర ఉంచుకునే వేగమైన డిస్కు) తగిలించాలా, జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల మీద ఫైళ్ళను నిర్వహించే సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మార్చాలా అని అడిగావు. ప్రస్తుతానికి ఈ మూడింటిలో ఏదీ చేయవద్దు. లోపం తీగలో ఉందో, డిస్కులో ఉందో, సాఫ్ట్‌వేర్‌లో ఉందో కొలిచి తేల్చుకోకుండా డబ్బు పెడితే, డబ్బు పోవడమే కాక అసలు లోపం మరింత మరుగున పడుతుంది.

నిజానికి సగం జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. కాపీ వేగం సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర కదలకుండా నిలిచిపోతోందని రాశావు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, 100 మెగాబిట్ల లింకు మీద ఫైళ్ళు వెళ్ళగలిగిన గరిష్ఠ వేగం దాదాపు అదే. గిగాబిట్ (1000 మెగాబిట్ల) లింకు అయితే 110 వరకు వస్తుంది. డిస్కు మొరాయిస్తే వేగం ఒకసారి 80, మరోసారి 5, మధ్యలో కాసేపు సున్నా అన్నట్టు ఎగుడుదిగుడుగా నడుస్తుంది తప్ప ఇలా గీత గీసినట్టు ఒకచోట ఆగదు. అందుచేత ముందుగా సర్వర్‌లో ఈథ్‌టూల్ అనే ఆదేశం నడిపి, లింకు వేగం 1000 అని చూపుతోందో 100 అని చూపుతోందో గమనించు.

100 అని కనిపిస్తే కేబుల్‌ను అనుమానించు. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు నారింజ, ఆకుపచ్చ జతలలోని నాలుగే చాలు. కాబట్టి నీలం జతలోనో గోధుమరంగు జతలోనో ఒక తీగ తెగినా చాలాసార్లు కనెక్షన్ పోదు, పోర్టు దగ్గర లైటు యథాప్రకారం మిణుకుతూనే ఉంటుంది, వేగం మాత్రం పదో వంతుకు పడిపోతుంది. కేబుల్ కొసను వెలుతురుకు ఎత్తిపట్టి చూడు. కనెక్టర్ ప్లాస్టిక్ లోపల ఎనిమిది రంగుల కొసలూ చివరిదాకా వెళ్ళి లోహపు పళ్ళ కింద కూర్చున్నాయో లేదో కంటికే తెలుస్తుంది. ఒకటి వెనక్కి జరిగి ఉంటే ఆ కొసను కత్తిరించి కొత్త కనెక్టర్ బిగించాలి. ఇళ్ళలో వైరింగ్ చేసేవాళ్ళు నాలుగు తీగలే బిగించి, ఇంటర్నెట్ వస్తోందని చూపించి వెళ్ళిపోవడం మామూలే. చవక రూటర్లలో కొన్నింటికి పోర్టులే 100 మెగాబిట్లవి ఉంటాయి. నీది అటువంటిదైతే రూటర్‌ను మార్చనక్కరలేదు, సర్వర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఒక చిన్న గిగాబిట్ స్విచ్ పెడితే సరిపోతుంది. ఆ తరువాత వైఫైతో కాకుండా తీగతోనే, నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 నడుపు. సెకనుకు 940 మెగాబిట్ల దరిదాపుల్లో వస్తే నెట్‌వర్క్ మీద అనుమానం వదిలేయవచ్చు.

అప్పటికీ కాపీ నెమ్మదిగానే ఉంటే డిస్కుల వంతు. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ ఆదేశం ఇచ్చే పట్టికలో అన్ని వరుసలూ చదివి కంగారు పడవద్దు. 5, 197, 198, 199 నంబర్ల వరుసలలో చివరి గడిలోని అంకెలు చూడు. 5 అంటే పాడైన సెక్టార్లకు (డిస్కు మీద డేటా దాచే చిన్న గళ్ళకు) బదులుగా డిస్కు వేరే చోటు కేటాయించుకున్న లెక్క. 197 అంటే చదవడానికి ఇబ్బంది పెడుతూ తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు. 198 కూడా ఆ కోవకే చెందుతుంది. ఈ అంకెలు వారం వారం పెరుగుతున్నాయంటే ఆ డిస్కును నమ్మవద్దు. 199 సంగతి వేరు: అది డిస్కుకూ బోర్డుకూ మధ్య ప్రయాణంలో చెడిన డేటా లెక్క కాబట్టి, సాధారణంగా సాటా కేబుల్ వదులైనా నలిగినా పెరుగుతుంది. కేబుల్ మార్చినా ఆ అంకె వెనక్కి రాదు. ఇక పెరగకపోతే రోగం కుదిరినట్టే. ఇది తెలియక మంచి డిస్కులను తీసి పారేసినవాళ్ళు ఉన్నారు.

డిస్కుల సమూహం, అంటే పూల్, పరిస్థితిని చెప్పే జెడ్‌పూల్ స్టేటస్‌లో ఒకే డిస్కు మీద చెక్‌సమ్ లోపాలు (చదివిన డేటా రాసినదానితో సరిపోలకపోవడం) కనిపిస్తే ఆ డిస్కునూ దాని కేబుల్‌నూ చూడాలి. అద్దం ప్రతులుగా (ఒకే డేటాను రెండింటిలోనూ ఉంచుకొని) ఉన్న రెండు డిస్కుల మీదా ఒకేసారి కనిపిస్తే, రెండూ ఒకేనాడు చెడిపోయాయని అనుకోవడం కంటే ర్యామ్‌నో పవర్ సప్లైనో అనుమానించడం సబబు. ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపి చూడు. నెలకొకసారి స్క్రబ్ (డేటా అంతటినీ చదివి సరిచూడటం) జరిగేలా పెట్టుకుంటే ఇవన్నీ పని మధ్యలో కాకుండా ముందే బయటపడతాయి.

కొత్త డిస్కు కొనవలసి వస్తే, అది ఎస్‌ఎంఆర్ రకమో సీఎంఆర్ రకమో మోడల్ నంబరును బట్టి తయారీదారు పట్టికలో చూసి కొను. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఇంటి పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకొని ఉంటాయి (సీఎంఆర్‌లో అలా ఉండవు), అందువల్ల ఒకచోట తిరగరాయాలంటే పక్కనున్నవాటినీ తిరగరాయాలి. మొదటి కొన్ని గిగాబైట్లు చకచకా వెళ్ళి తరువాత నత్తనడక నడవడం వాటి లక్షణం. పాడైన డిస్కు స్థానంలో అటువంటిది పెడితే పూల్ తిరిగి కట్టుకోవడానికి రోజులు పట్టవచ్చు, ఆ రోజులన్నీ నీ డేటా ఒకే డిస్కు మీద ఆధారపడి ఉంటుంది.

సెట్టింగుల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నీ పనికి వాటి పాత్ర చిన్నది. ర్యామ్ నిండిపోయినట్టు కనిపించడం జబ్బు కాదు. జెడ్‌ఎఫ్‌ఎస్ ఖాళీ ర్యామ్‌ను క్యాష్‌గా వాడుకొని, అడిగినప్పుడు వదులుతుంది. ఫొటోలలో ముఖాలు గుర్తించే ప్రోగ్రాములు కూడా అదే యంత్రంలో నడుస్తూ స్వాప్ వాడకం (ర్యామ్ చాలక డిస్కును వాడుకోవడం) పెరుగుతుంటే మాత్రం ఆ క్యాష్‌కు ఒక హద్దు పెట్టు. ఒకసారి ఎక్కించి ఎప్పుడో గానీ తెరవని వీడియోలకు ఎస్‌ఎస్‌డీ క్యాష్ వల్ల ఒరిగేది లేదు. ఏటైమ్ (ఫైలు తెరిచిన వేళను రాసుకోవడం) ఆపేయి, ఎల్‌జెడ్4 కంప్రెషన్ ఉండనీ, వీడియోల సైజు దానివల్ల తగ్గదు గానీ నష్టమూ లేదు. వీడియోల డేటాసెట్‌కు రికార్డ్‌సైజ్ (ఫైలును విడగొట్టి రాసే ముక్క గరిష్ఠ పరిమాణం) 1 మెగాబైటు పెట్టుకోవచ్చు, అయితే అది కొత్తగా రాసే ఫైళ్ళకే వర్తిస్తుంది. డీడూప్ (ఒకేలా ఉన్న డేటాను ఒక్కసారే దాచడం) జోలికి పోవద్దు. పూల్ 80 శాతం దాటకుండా చూసుకో. ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి, ముందు వేగమూ తరువాత వేగమూ ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసి పెట్టు.

సర్వర్‌ను అటక మీద పెట్టానని రాశావు, అది నాకు నచ్చలేదు. తిరుపతి ఎండాకాలంలో మిద్దె కింద అటక ఎంత కాగుతుందో నీకు చెప్పనక్కరలేదు. డిస్కుల వేడి 45 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత, 50 దాటితే చోటు మార్చాలి. అలాగని నేల మీద దించవద్దు. 2021 నవంబరు వానలకు ఊళ్ళో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన సంగతి మరువరాదు. గాలి ఆడే గదిలో, నడుము ఎత్తు బల్ల మీద పెట్టు. ఇంటి ఇన్వర్టర్‌ను నమ్ముకోకుండా సర్వర్‌కు విడిగా ఒక చిన్న యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ తీగను సర్వర్‌కు కలిపి, బ్యాటరీ అడుగంటేలోపు యంత్రం తనంతట తాను ఆగిపోయేలా ఎన్‌యూటీ అనే ప్రోగ్రాము అమర్చు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే కొన్ని యూపీఎస్‌లు ఆ కరెంటును కరెంటుగా ఒప్పుకోక తమ బ్యాటరీనే ఖర్చు పెట్టేస్తాయి, అది కూడా గమనించు.

స్నాప్‌షాట్లు (ఒకనాటి ఫైళ్ళ స్థితిని అదే పూల్‌లో నిలిపి ఉంచడం), అద్దం ప్రతులు బ్యాకప్ కావు. దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతే రెండూ పోతాయి. ఒక ప్రతి మా ఇంట్లో ఉండనీ. 2 టెరాబైట్లు ఇంటర్నెట్ మీద పంపాలంటే, అప్‌లోడ్ వేగం 20 మెగాబిట్లు అనుకుంటే, ఆగకుండా పంపినా తొమ్మిది రోజులు దాటుతుంది. కాబట్టి మొదటి ప్రతిని డిస్కులో వేసుకొని బస్సెక్కి రా, తరువాత మారినవి మాత్రమే రాత్రిపూట పంపవచ్చు. అందుకోసం రూటర్‌లో ఫైల్ షేరింగ్ పోర్టు బయటికి తెరవవద్దు, వైర్‌గార్డ్ (రెండు ఇళ్ళ మధ్య రహస్య దారి వేసే వీపీఎన్) వాడు. ఒక్కోసారి ఏదో ఒక పెళ్లి ఫోల్డర్‌ను ఇక్కడి ప్రతి నుంచి వెనక్కి తెచ్చి, వీడియో మొదలు నుంచి చివరి దాకా ఆడుతోందో లేదో చూసుకో.

కేబుల్ ముట్టుకోక ముందు ఒకసారి, మార్చిన తరువాత ఒకసారి ఈథ్‌టూల్, స్మార్ట్‌సీటీఎల్, జెడ్‌పూల్ స్టేటస్ ఫలితాలు నాకు పంపు. పెట్టె విప్పి చేయవలసిన పెద్ద మార్పులు ఏవైనా ఉంటే ముహూర్తాలు లేని ఆషాఢంలో పెట్టుకుందాం. 197 పెరుగుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఆషాఢం దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మామయ్య