మత్తు పూర్తిగా మానేస్తేనే చికిత్స అనుకోవాలా?

పూర్తిగా మానిపించడమే చికిత్సా, లేక వాడుతున్నవాళ్ళకు కూడా ప్రాణహాని లేకుండా చూడటం చికిత్స కిందికి వస్తుందా అని అడిగారు. మా తమ్ముడు హెరాయిన్ వాడేవాడు. దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను: ముందు మనిషి బతికుండాలి, మానడం ఆ తర్వాతి మాట.

వాడు మొదట చేరిన సెంటర్‌లో మత్తుకు బదులుగా ఏ మందూ ఇచ్చేవాళ్ళు కాదు. ఒళ్ళునొప్పులు, వాంతులు, నిద్రలేని రాత్రులు అన్నీ ఓర్చుకుని బయటికొచ్చాడు. మాకు కొండంత ధైర్యం వచ్చింది. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుందని మాకెవరూ చెప్పలేదు. కొన్నాళ్ళు మానేసరికి ఆ మత్తును తట్టుకునే శక్తి ఒంట్లో తగ్గిపోతుంది. మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. జైలు నుంచి విడుదలైన తొలి వారాల్లో ఓవర్‌డోస్ చావులు ఎక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. తమ్ముడికీ అదే జరిగింది. ఓవర్‌డోస్‌కు విరుగుడుగా ఇచ్చే నలోక్సోన్ ఇంజెక్షన్ సమయానికి పడబట్టి దక్కాడు. సెంటర్‌వాళ్ళేమో మళ్ళీ వాడాడు కాబట్టి చేర్చుకునేది లేదన్నారు. జబ్బు తిరగబెట్టిందని రోగిని గెంటేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత ఒక డాక్టరుగారు బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టారు. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది" అన్నారు బంధువులు. ఈ మందు కూడా మెదడులో హెరాయిన్ పట్టుకునే చోటే పట్టుకుంటుంది, కానీ కొంతమేరకే పనిచేస్తుంది. తపన, మానినప్పుడు వచ్చే బాధ (విత్‌డ్రాయల్) తగ్గి మనిషి పనికి వెళ్ళగలుగుతాడు. దీన్నీ, ఇదే పనికి వాడే మెథడోన్‌నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

మత్తు సూదితో ఎక్కించుకునేవాళ్ళకు శుభ్రమైన సూదులు ఇవ్వడం మీద కూడా చాలామందికి కోపం. దానివల్ల హెచ్‌ఐవీ వ్యాప్తి తగ్గుతుంది, వాడకం పెరిగిన దాఖలాలు లేవు. పైగా ఆ సూదులిచ్చే మనిషినే ఒకరోజు "నన్ను ఎక్కడైనా చేర్పిస్తారా" అని అడుగుతారు.

అలాగని మానేయడాన్ని తక్కువ చేయను. మద్యం పూర్తిగా మానేసి బాగుపడ్డవాళ్ళు ఎందరో ఉన్నారు (బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి). కొకైన్, మెత్ (మెథాంఫెటమిన్) లాంటివాటికి బ్యూప్రెనార్ఫిన్‌లా నిలబడిన మందు ఇంకా లేదు. అందుకే ఏ మత్తు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోకుండా ఈ వాదన పెట్టుకోకూడదంటాను.

తమ్ముడు ఇంకా మాత్ర వేసుకుంటున్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. మీ ఇంట్లో ఎవరినైనా సెంటర్‌లో చేర్చే పనైతే ముందే రెండు సంగతులు అడగండి: హెరాయిన్ లాంటి మత్తుకైతే బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులు ఇస్తారా, మళ్ళీ వాడితే తిరిగి చేర్చుకుంటారా? నలోక్సోన్ దొరికితే ఇంట్లో ఉంచుకుని, ఎలా ఇవ్వాలో అందరూ నేర్చుకోండి.